ఏ వీసా మంచిది? నర్సుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులవే ఎక్కువ వచ్చాయి, అందుకే శీర్షిక మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాం. దాదాపు అందరూ "ఏ వీసా మంచిది?" అనే అడిగారు. అలా విడిగా అడిగితే దానికి జవాబు లేదు. ఉద్యోగం పోతే ఆ వీసా నిలుస్తుందా, మీ భర్తో భార్యో అక్కడ పని చేసుకోవచ్చా, కొన్నేళ్లకి అక్కడే స్థిరపడే దారి ఉందా అని అడిగి చూడండి, సగం మంది ఏజెంట్లు అక్కడికక్కడే నీళ్లు నములుతారు. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడం గారూ, నేను బీఎస్సీ నర్సింగ్ చేసి ఆరేళ్లుగా ఐసీయూలో పని చేస్తున్నాను. అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ పాసయ్యాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాకు హెచ్-1బి చేయిస్తామంటున్నారు, ఇంకొకళ్లు నేరుగా గ్రీన్ కార్డే వస్తుందంటున్నారు. ఇద్దరూ డబ్బు ముందే కట్టమంటున్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: డబ్బు ముందే కట్టమన్న ఇద్దర్నీ కాసేపు పక్కన పెట్టండి సిస్టర్, ముందు వీసాల సంగతి చూద్దాం.

హెచ్-1బి "స్పెషాల్టీ ఆక్యుపేషన్" కిందికి వచ్చే ఉద్యోగాలకే ఇస్తారు. మీకు డిగ్రీ ఉంటే సరిపోదు, ఆ ఉద్యోగం చేయడానికి కనీసం డిగ్రీ తప్పనిసరి అని ఆస్పత్రి చూపించాలి. అమెరికాలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో కూడా రిజిస్టర్డ్ నర్సు అవ్వచ్చు, దాంతో వార్డులో మామూలు స్టాఫ్ నర్సు పోస్టు చాలాసార్లు ఇక్కడే పడిపోతుంది. నర్స్ ప్రాక్టీషనర్, నర్స్ అనెస్థెటిస్ట్ లాంటి మాస్టర్స్ చదివిన పోస్టులకు, కొన్ని నర్స్ మేనేజర్ పోస్టులకు దొరుకుతుంది. ఐసీయూ లాంటి ప్రత్యేక విభాగాల్లో కొన్ని పోస్టులకు కూడా రావచ్చు, కాకపోతే అది ఆస్పత్రి ఎంత గట్టిగా కాగితాలు చూపించగలదన్న దాని మీద ఉంటుంది. అదీ దాటితే లాటరీ. ఏడాదికి 85,000 వీసాలు మాత్రమే, అందులో 20,000 అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకి. యూనివర్సిటీలకు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని ఆస్పత్రులకు ఈ లాటరీ ఉండదు, అది గుర్తు పెట్టుకోండి. వీటన్నిటి మీద 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటనతో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకు 1,00,000 డాలర్ల చెల్లింపు పెట్టారు. ఒక స్టాఫ్ నర్సు కోసం ఏ ఆస్పత్రి అంత కడుతుందో మీరే ఆలోచించండి. కాబట్టి మీ మొదటి కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేది అసాధ్యం అనను గానీ, ఆస్పత్రి పేరు, పోస్టు పేరు చెప్పకుండా "చేయిస్తాం" అంటే లేచి వచ్చేయండి.

రెండోవాళ్లు చెప్పే దారి నిజమైనదే. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో అదొక తరగతి, దాన్ని ఇ.బి.-3 అంటారు, అందులో నర్సులు "షెడ్యూల్ ఎ" కిందికి వస్తారు. మామూలుగా గ్రీన్ కార్డుకి స్పాన్సర్ చేసే కంపెనీ "మాకు ఇక్కడి మనిషి దొరకలేదు" అని ప్రకటనలిచ్చి, కార్మిక శాఖ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. రిజిస్టర్డ్ నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు కొరత ఉందని ప్రభుత్వమే ముందుగా ఒప్పుకుంది కాబట్టి ఆ మెట్టు తీసేశారు. ఆస్పత్రి ఆ ఊళ్లో చెల్లించాల్సిన జీతం ఎంతో కార్మిక శాఖ నుంచి తెలుసుకుని, తన దగ్గర నోటీసు అంటించి, నేరుగా ఐ-140, అంటే మీ గ్రీన్ కార్డు కోసం యజమాని వేసే పిటిషన్, వేస్తుంది. ఉద్యోగం పర్మనెంట్, ఫుల్‌టైమ్ అయి ఉండాలి. మీ వైపు నుంచి మూడింటిలో ఏదో ఒకటి చూపించాలి: ఎన్‌క్లెక్స్ పాసైనట్టు రుజువు, లేదా పని చేయబోయే రాష్ట్రంలో పూర్తి లైసెన్సు, లేదా సీజీఎఫ్ఎన్ఎస్ (విదేశీ నర్సుల చదువు పరిశీలించే అమెరికా సంస్థ) సర్టిఫికెట్. మీ దగ్గర ఎన్‌క్లెక్స్ ఉంది కాబట్టి ఇక్కడ మీకు ఇబ్బంది లేదు. ఇంటర్వ్యూ నాటికి మాత్రం వీసాస్క్రీన్ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. 1996 నాటి చట్టం పెట్టిన షరతు అది, ఇ.బి.-3కే కాదు, నర్సుగా పని చేయడానికి తీసుకునే హెచ్-1బికీ వర్తిస్తుంది. మీ చదువు, లైసెన్సు, ఇంగ్లిష్ స్కోరు మూడూ చూసి ఇస్తారు. అయిదేళ్లు చెల్లుతుంది. అందుకే మరీ ముందుగా తీసుకుంటే క్యూలో ఉండగానే గడువు అయిపోయి మళ్లీ రెన్యువల్ ఖర్చు.

అసలు తిరకాసు ఆ క్యూ దగ్గరే. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి దాదాపు 1,40,000, అందులో ఇ.బి.-3 వాటా 28.6 శాతం, ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకి మళ్లీ 7 శాతం హద్దు. షెడ్యూల్ ఎ వల్ల కార్మిక శాఖ మెట్టు తప్పుతుంది గానీ ఈ క్యూ తప్పదు, చాలామందికి ఇది తెలియక "నర్సులకు స్పెషల్ కోటా ఉంది" అనుకుంటారు. ఇండియాలో పుట్టినవాళ్లకి 2025 చివర్లో వీసా బులెటిన్ (ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే అమెరికా ప్రభుత్వ ప్రకటన) 2013 నాటి తేదీల దగ్గర ఉండేది, అంటే 2013లో క్యూలో చేరినవాళ్ల వంతు అప్పటికి వచ్చింది. ప్రీమియం ప్రాసెసింగ్‌కి డబ్బు కడితే ఐ-140 మీద నిర్ణయం కొద్ది వారాల్లో వస్తుంది, అంతే, దానితో క్యూ ఒక్క రోజు కూడా ముందుకు జరగదు. "ఏడాదిన్నరలో గ్రీన్ కార్డు" అని మీకు చెప్పారంటే, అడగాల్సిన మాట ఒక్కటే: ఏ దేశంలో పుట్టినవాళ్లకి?

అయినా ఇ.బి.-3 వేయించుకోమనే అంటాను. ఐ-140 ఆమోదం పొందాక ప్రయారిటీ తేదీ, అంటే క్యూలో మీ స్థానం చెప్పే తేదీ, మీకే ఉంటుంది, మోసం లాంటి కారణాలతో రద్దయితే తప్ప. తర్వాత ఇంకో ఆస్పత్రి ఐ-140 వేసినా పాత తేదీ వాడుకోవచ్చు. ఆ తేదీని అలా ఉంచి ఈలోపు వేరే దేశంలో నర్సుగా పని చేసుకోండి. అమెరికా ఒక్కటే పెట్టుకుని పదేళ్లు కూర్చోవడం మాత్రం నాకు నచ్చని సలహా.

డబ్బు సంగతి. ఎన్‌క్లెక్స్ ఫీజు, వీసాస్క్రీన్ ఫీజు, ఇంగ్లిష్ పరీక్ష ఫీజు చాలాసార్లు మీరే కడతారు, ఆయా సంస్థలకే ఆన్‌లైన్‌లో నేరుగా కట్టొచ్చు, మధ్యవాళ్ల ఖాతాలో వేయాల్సిన పని లేదు. ఉద్యోగం చూపించినందుకు, స్పాన్సర్‌ని వెతికినందుకు అని అడిగితే అక్కడితో ఆపేయండి. ఇంకోటి, మీకు ఉద్యోగమిచ్చేది ఆస్పత్రా, లేక నర్సుల్ని ఆస్పత్రులకు పంపే స్టాఫింగ్ కంపెనీయా కనుక్కోండి. రెండూ చట్టబద్ధమే గానీ స్టాఫింగ్ కంపెనీ కాంట్రాక్టుల్లో రెండు మూడేళ్లలోపు మానేస్తే వేల డాలర్లు కట్టాలన్న షరతు చాలా మామూలు. దాన్ని సంతకం పెట్టేముందు ఒక లాయరుకి చూపించండి. ఆ మొత్తం కాలం గడిచేకొద్దీ తగ్గుతుందా, డ్యూటీ గంటలు మొదలయ్యాక లెక్క మొదలవుతుందా లేక ఓరియెంటేషన్ కూడా కలుస్తుందా, వాళ్లే తీసేస్తే ఏమిటి, ఇవి కాగితం మీద ఉండాలి.

ప్రశ్న: నేను దుబాయ్‌లో నాలుగేళ్లుగా నర్సుని. ఇక్కడి నుంచి అమెరికాకు అప్లై చేస్తే క్యూ తక్కువ ఉంటుందని రూమ్మేట్ అంటోంది. నిజమేనా?

జవాబు: కాదమ్మా. క్యూ చూసేది పుట్టిన దేశాన్ని బట్టి, మీరున్న చోటో పాస్‌పోర్టో కాదు. ఒక్క వెసులుబాటు ఉంది: భర్త వేరే దేశంలో పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి వెళ్లేటప్పుడు ఆయన పుట్టిన దేశం లెక్కలోకి మారొచ్చు. మీ రూమ్మేట్ బహుశా అలాంటి వాళ్ల గురించే ఎక్కడో విని ఉంటుంది.

ప్రశ్న: మా వారు హెచ్-1బి మీద అమెరికాలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. నేను ఆయన భార్యగా హెచ్-4 వీసా మీద వచ్చి రెండేళ్లయింది. ఊరికే కూర్చోలేక ఎన్‌క్లెక్స్ రాసి పాసయ్యాను. ఇక్కడి ఆస్పత్రి వాళ్లు తీసుకోవడానికి సిద్ధంగానే ఉన్నారు, కానీ "మీకు పని చేసే అనుమతి ఉందా" అంటే నా దగ్గర జవాబు లేదు.

జవాబు: మీ జవాబు మీ వారి ఫైల్లో ఉంది. ఆయన ఐ-140 ఆమోదం అయిందా లేదా ముందు కనుక్కోండి. అయి ఉంటే మీరు హెచ్-4 మీదే పని అనుమతి, అంటే ఈఏడీ కార్డుకి అప్లై చేయొచ్చు, 2015 నుంచి ఈ వీలు ఉంది. ఆ కార్డుతో నర్సు పోస్టు డిగ్రీ అడుగుతుందా లేదా అన్న గొడవ లేదు, స్పాన్సర్ అక్కర్లేదు, ఆస్పత్రి మారాలంటే మారొచ్చు. రాష్ట్రం లైసెన్సు ఉంటే చాలు. కాకపోతే మీ పని మొత్తం మీ వారి స్టేటస్ మీద ఆధారపడి ఉంటుంది, ఆయన ఉద్యోగం పోతే మీదీ కదులుతుంది.

ఆయన ఐ-140 ఇంకా కాలేదంటే ముందు ఆయన కంపెనీ వెంట పడండి, మీ దారి కన్నా అదే దగ్గర దారి. దాంతోపాటు మీ ఆస్పత్రిని షెడ్యూల్ ఎ కింద మీ పేరు మీద ఒక ఇ.బి.-3 వేయమని అడగొచ్చు. కొందరు "మా ఆయన పాత తేదీ నా పిటిషన్‌కి తగిలించుకోవచ్చా" అని అడుగుతుంటారు, అలా కుదరదు, ఎవరి పిటిషన్ తేదీ వాళ్లదే. కానీ ఆయన తేదీ ముందు వస్తే ఆయన వెంట మీకూ గ్రీన్ కార్డు వస్తుంది, మీ తేదీ ముందు వస్తే మీ వెంట ఆయనకి. ఇంట్లో రెండు పిటిషన్లు ఉండటంలో నష్టమేమీ లేదు, ఖర్చు తప్ప. ఈఏడీ లేకుండా "ట్రైనింగ్", "అబ్జర్వర్" పేర్లతో జీతం తీసుకుని డ్యూటీ చేయమంటే మాత్రం ఎంత తెలిసినవాళ్లయినా ఒప్పుకోకండి, అనుమతి లేకుండా చేసిన పని తర్వాత గ్రీన్ కార్డు దశలో బయటపడుతుంది.

ప్రశ్న: ఇంగ్లండ్‌కి సీనియర్ కేరర్ వీసా ఉందని, ముందు దాని మీద వెళ్లి తర్వాత అక్కడే నర్సుగా మారిపోవచ్చని ఒకాయన చెబుతున్నారు. చాలా పెద్ద మొత్తం అడుగుతున్నారు. ఐఈఎల్‌టీఎస్‌లో నాకు రైటింగ్ 6 దగ్గరే ఆగిపోతోంది, అందుకే ఈ దారి బాగుందనిపిస్తోంది. చెప్పండి అక్కా, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆ దారి మూసేశారు చెల్లీ. 2025 జులై 22 నుంచి యూకే బయటి వాళ్లని కేర్ వర్కర్, సీనియర్ కేర్ వర్కర్ పోస్టులకు కొత్తగా తీసుకోవడం ఆపేశారు. అంతకుముందే, 2024 మార్చి 11 నుంచి, ఆ వీసా మీద వెళ్లేవాళ్లు భర్తనీ పిల్లల్నీ తీసుకెళ్లే వీలు తీసేశారు. కాబట్టి ఇప్పుడు ఆ వీసా పేరుతో ఆయన మీకు అమ్ముతున్నదేమిటో నాకు అర్థం కావడం లేదు. ఇంకో సంగతి, ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర ఫీజు తీసుకోవడం యూకే చట్టంలోనే తప్పు. అది 1973 నుంచి ఉన్న చట్టం.

దారి తెరిచి ఉన్నప్పుడు కూడా నేనిది నర్సులకు చెప్పేదాన్ని కాదు. కేరర్‌గా చేసిన పని నర్సుగా చేసిన పని కింద లెక్కలోకి రాదు. నర్సింగ్ కౌన్సిళ్లు ఈమధ్య కాలంలో నర్సుగా పని చేశారా అని చూస్తాయి, ఉదాహరణకి ఆస్ట్రేలియా గత అయిదేళ్లలో 450 గంటలు అడుగుతుంది. రెండు మూడేళ్లు కేర్ హోమ్‌లో ఉండిపోతే మీ చేతిలో ఉన్న అనుభవం పాతబడుతుంది, జీతం తక్కువ, డ్యూటీలు ఎక్కువ, చదువుకోవడానికి టైమ్ దొరకదు.

నర్సులకు ఉన్న అసలు దారి హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా, 2020 ఆగస్టులో మొదలైంది. పేరులో "కేర్ వర్కర్" ఉందని కంగారు పడకండి, నర్సులూ డాక్టర్లూ వెళ్లేది దీని మీదే. మామూలు స్కిల్డ్ వర్కర్ వీసా కన్నా ఫీజు తక్కువ, ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌ఛార్జ్ కట్టక్కర్లేదు, నర్సు అయితే భర్త, పిల్లలు వెంట రావచ్చు, భర్త పని చేసుకోవచ్చు. దానికి ముందు ఎన్ఎంసీ, అంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్, దగ్గర మీ అప్లికేషన్ నడవాలి. సీబీటీ అనే కంప్యూటర్ పరీక్ష మీరున్న దేశంలోనే రాస్తారు. ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష అక్కడికి వెళ్లాక. ఉద్యోగం మొదలైన 12 వారాల్లోపు మొదటిసారి రాయాలి, 8 నెలల్లోపు పాసవ్వాలి. పాసయ్యేదాకా రిజిస్టర్డ్ నర్సు జీతం కాకుండా ఒక మెట్టు కింద ఇస్తారు, ఆఫర్ లెటర్‌లో రెండు అంకెలూ ఉన్నాయో లేదో చూడండి.

మీ అసలు అడ్డంకి రైటింగ్ అర మార్కు. ఎన్ఎంసీకి ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ 7, రైటింగ్ మాత్రం 6.5 చాలు. మీకు 6 వస్తోంది, అంటే ఎంతో దూరం లేదు. వైద్య రంగం వాళ్ల కోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ కూడా చూడండి, అందులో రైటింగ్ అంటే పేషెంటు గురించి రెఫరల్ లెటరో డిశ్చార్జ్ లెటరో రాయడం, రోజూ కేస్‌షీట్లు రాసే నర్సులకు వ్యాసం రాయడం కన్నా ఇది అలవాటైన పని. ఆయనకి కట్టబోయే డబ్బులో చిన్న ముక్క పెట్టి మంచి ఓఈటీ కోచింగ్ తీసుకోండి.

వెళ్లాక కూడా ఆ వీసా మీ యజమాని పేరు మీదే ఉంటుందని మర్చిపోవద్దు. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్ దొరకాలి. శాశ్వత నివాసం ఇప్పటిదాకా అయిదేళ్లకి వచ్చేది, దాన్ని మామూలుగా పదేళ్లకి పెంచుతామని అక్కడి ప్రభుత్వం 2025 మేలో శ్వేతపత్రంలో ప్రకటించింది. "అయిదేళ్లే కదా" అనుకుని ఇంటి అప్పుల లెక్కలు వేసుకోకండి.

ప్రశ్న: నర్సింగ్‌లో మూడేళ్ల డిప్లొమా చేశాను. జర్మనీకి జర్మన్ భాషలో బీ1 స్థాయి చాలు, మిగతాది అక్కడే నేర్చుకోవచ్చంటున్నారు. ఛాన్సెన్‌కార్టె అని కొత్త వీసా వచ్చిందట, అది మేలా?

జవాబు: బీ1 చాలు అన్న మాట సగం నిజం. లోపలికి వెళ్లడానికి చాలు, కొన్ని దారుల్లో దాని కింది మెట్టు ఏ2 కూడా చాలు. నర్సుగా లైసెన్సు రావాలంటే మాత్రం దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ పై మెట్టు బీ2 అడుగుతారు. ఈ రెంటికీ మధ్య కాలంలో మీరు అక్కడ నర్సు కాదు, నర్సింగ్ హెల్పర్. జీతమూ అలాగే ఉంటుంది, పనీ అలాగే ఉంటుంది. పేషెంట్లకి స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం రోజంతా చేసి వచ్చి రాత్రి జర్మన్ వ్యాకరణం చదవాలి. చేసినవాళ్లున్నారు, కానీ ఇంట్లో కూర్చుని బీ2 పూర్తి చేసుకుని వెళ్లినవాళ్లు ఎంత తేలిగ్గా గట్టెక్కారో చూశాక నేను ఎవరికైనా అదే చెబుతాను.

దారులు ఇలా ఉంటాయి. ముందు మీ చదువు కాగితాలు జర్మనీలో మీరు వెళ్లబోయే రాష్ట్రానికి పంపి గుర్తింపు అడుగుతారు. పూర్తిగా సరిపోలేదంటే ఏం తక్కువుందో రాసిన లేఖ ఒకటి వస్తుంది. ఆ లేఖ చేతిలో ఉంటే నివాస చట్టం 16డి సెక్షన్ కింద వీసా దొరుకుతుంది, అక్కడికి వెళ్లి ఆ తక్కువని అడాప్టేషన్ కోర్సుతో గానీ, నాలెడ్జ్ టెస్టుతో గానీ పూరించాలి. రెండేళ్ల దాకా ఇస్తారు, పొడిగిస్తే మొత్తం మూడేళ్లు. 2024 మార్చి నుంచి "గుర్తింపు భాగస్వామ్యం" అని ఇంకోటి వచ్చింది, ఆ లేఖ కోసం ఆగకుండా ముందు వెళ్లి, ఉద్యోగం చేస్తూ అక్కడి నుంచే గుర్తింపు పని నడిపించుకోవచ్చు, అందులో యజమాని ఎలాంటి వాడన్నదే మీ భవిష్యత్తు. ఛాన్సెన్‌కార్టె 2024 జూన్‌లో మొదలైంది, అది ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా. నర్సులకు ఇక్కడినుంచే ఆఫర్లు వస్తుంటే, చేతి ఖర్చులు పెట్టుకుని వెళ్లి వెతుక్కోవడం దేనికి? మీ విషయంలో 16డి మేలు.

డిప్లొమా అని బెంగపడకండి. అక్కడ నర్సింగ్ ఎక్కువగా మూడేళ్ల వృత్తి శిక్షణే, డిగ్రీ లేదని తలుపు వేసేయరు. లైసెన్సు వచ్చాక స్కిల్డ్ వర్కర్ కింద పర్మిట్ మారుతుంది, అప్పటినుంచి మూడేళ్లకి, పెన్షన్ చందాలు కట్టి ఉంటే, శాశ్వత నివాసానికి అడగొచ్చు. యూరప్‌లో ఇది తక్కువ కాలమే. వయసు 45 దాటితే మొదటిసారి వెళ్లేటప్పుడు జీతం లేదా పెన్షన్ షరతు ఒకటి అదనంగా ఉంటుంది.

ప్రశ్న: నా వయసు 43. పెద్దబ్బాయికి 17, పాపకి 11. బీఎస్సీ నర్సింగ్, పదిహేనేళ్ల అనుభవం. ఆస్ట్రేలియానా, న్యూజిలాండా?

జవాబు: మీ ప్రశ్నలో రెండు గడియారాలు తిరుగుతున్నాయి, మీది ఒకటి, మీ అబ్బాయిది ఒకటి.

ఆస్ట్రేలియాలో పాయింట్ల వీసాలు, అంటే 189, 190, 491, ఇన్విటేషన్ వచ్చే నాటికి 45 నిండకూడదు. యజమాని స్పాన్సర్ చేసే 186 కీ మామూలుగా అదే హద్దు. 2024 డిసెంబరులో పాత టెంపరరీ వీసా స్థానంలో వచ్చిన స్కిల్స్ ఇన్ డిమాండ్ వీసా, నంబరు 482, దానికి వయసు హద్దు లేదు, కానీ 45 దాటాక దాని మీద వెళ్తే శాశ్వత నివాసం దగ్గర చిక్కుకుంటారు. మీకు రెండేళ్లలోపే ఉంది. ఈలోపు అక్కడి రిజిస్ట్రేషన్ సంస్థ ఏహెచ్‌పీఆర్‌ఏ దగ్గర చదువు పరిశీలన, ఎన్‌క్లెక్స్, ఆ తర్వాత అడిలైడ్ వెళ్లి ఓఎస్‌సీఈ, ఆపైన వీసా కోసం స్కిల్స్ అసెస్‌మెంట్, ఇన్విటేషన్. ఈరోజు మొదలుపెడితేనే సరిపోయే లెక్క. యూకే, ఐర్లండ్, అమెరికా, సింగపూర్ లాంటి కొన్ని దేశాల్లో రిజిస్టరై 2017 తర్వాత కనీసం 1,800 గంటలు పని చేసిన నర్సులకు 2025 ఏప్రిల్ నుంచి పరీక్షలు లేని దగ్గర దారి ఉంది, మీరు అలాంటి చోట పని చేసి ఉంటే ముందు అది చూడండి.

న్యూజిలాండ్‌లో రిజిస్టర్డ్ నర్సు గ్రీన్ లిస్ట్ (కొరత ఉన్న ఉద్యోగాల జాబితా) మొదటి వరుసలో ఉంది, 2022 డిసెంబరులో చేర్చారు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్, గుర్తింపు ఉన్న యజమాని నుంచి ఆఫర్, ఈ రెండూ ఉంటే నేరుగా రెసిడెంట్ వీసాకే అప్లై చేయొచ్చు, వయసు 55 దాకా. కాగితం మీద నర్సుకి ఇంతకన్నా మంచి వీసా నేను చూడలేదు. కాగితం మీద అని ఎందుకన్నానంటే, 2024 నుంచి అక్కడ ప్రభుత్వ ఆస్పత్రుల్లో నియామకాలు బాగా తగ్గాయి, రిజిస్ట్రేషన్ చేతిలో పట్టుకుని ఆఫర్ కోసం తిరుగుతున్న విదేశీ నర్సులు చాలామంది. 2023 డిసెంబరు నుంచి అక్కడా థియరీ పరీక్ష, క్రైస్ట్‌చర్చ్‌లో ఓఎస్‌సీఈ పెట్టారు. ఆఫర్ లేకుండా విమానం టికెట్, పరీక్ష ఫీజు పెట్టుకోవడం పెద్ద పందెం.

ఇక అబ్బాయి. పెళ్లి కాకుండా, మీ మీదే ఆధారపడి ఉంటే, న్యూజిలాండ్ రెసిడెంట్ వీసాలో 24 ఏళ్ల దాకా మీతో చేర్చొచ్చు, ఆస్ట్రేలియాలో 23 నిండేలోపు. యూకేలో వెంట తీసుకెళ్లడానికి 18 లోపు ఉండాలి, కాబట్టి యూకే మీకు ఇప్పటికే చేయి దాటిపోతున్నట్టే. అమెరికాలో 21, కానీ ఆ క్యూ సంగతి పైన రాశాను. చదువు మానేసి చిన్నదో పెద్దదో ఫుల్‌టైమ్ ఉద్యోగంలో చేరితే "ఆధారపడి ఉన్నాడు" అన్న మాట చెల్లకపోవచ్చు, ఆ జాగ్రత్త పడండి.

నేనైతే ఆస్ట్రేలియా పని వెంటనే మొదలుపెట్టి, న్యూజిలాండ్‌ని రెండోదిగా పెట్టుకుంటాను.

ప్రశ్న: ఐర్లండ్ వెళ్తే మా ఆయన పని చేయొచ్చా? ఆయనకి నర్సింగ్ రాదు మరి!

జవాబు: చేయొచ్చు. నర్సు ఉద్యోగం క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ జాబితాలో ఉంది, ఆ పర్మిట్ ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికి స్టాంప్ 1జి అనే నివాస అనుమతి ఇస్తారు, దాని మీద వేరే పర్మిట్ లేకుండా ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. మీకు రెండేళ్ల తర్వాత స్టాంప్ 4 వస్తుంది, అప్పుడిక ప్రతిసారీ యజమాని పర్మిట్ అక్కర్లేదు. కాకపోతే మొదటి కొన్ని నెలలు, రిజిస్ట్రేషన్ కోసం అడాప్టేషన్‌కో ఆప్టిట్యూడ్ టెస్టుకో వెళ్లేటప్పుడు వేరే తాత్కాలిక అనుమతి మీద వెళ్తారు, దాని మీద కుటుంబాన్ని తీసుకెళ్లడం కుదరదు. ముందు మీరు, పర్మిట్ వచ్చాక ఆయన. ఆయన ఉద్యోగం మానే తేదీ దీన్ని బట్టి పెట్టుకోండి.

ప్రశ్న: విజిటర్ వీసా మీద వెళ్లి, అక్కడ ఆస్పత్రులు తిరిగి, ఉద్యోగం వచ్చాక వర్క్ వీసాగా మార్చుకుంటే? మా సీనియర్ అలాగే చేసిందట.

జవాబు: వద్దు. యూకేలో విజిటర్ నుంచి వర్క్ వీసాకి లోపలి నుంచి మారడం కుదరదు. ఆస్ట్రేలియా విజిటర్ వీసా మీద చాలాసార్లు "ఇక్కడి నుంచి వేరే వీసా అడగకూడదు" అన్న షరతు వేస్తారు. అమెరికాలో మీరు ఇంటర్వ్యూలో చెప్పింది ఒకటి, వెళ్లి చేసింది ఇంకొకటి అని తేలితే తప్పుడు సమాచారం కింద పడుతుంది, దాని మరక తర్వాత వేసే గ్రీన్ కార్డు మీద కూడా పడుతుంది. పరీక్షకి వెళ్లడం వేరే సంగతి, ఓఎస్‌సీఈ రాయడానికి విజిటర్‌గా వెళ్లొచ్చు, అప్లికేషన్‌లో అదే కారణం రాసి, పరీక్ష బుకింగ్ జత చేయండి. మీ సీనియర్ ఏ ఏడాది వెళ్లింది, ఏ దేశం, ఏ పాస్‌పోర్టు అన్నది అడిగి చూడండి.

కెనడా గురించి, గల్ఫ్ లైసెన్సు పరీక్షల గురించి వచ్చిన ఉత్తరాలకు వచ్చే వారం జవాబులు ఇస్తాం. రాసేటప్పుడు మీ వయసు, చదివిన కోర్సు, అనుభవం, ఇంగ్లిష్ స్కోరు, పిల్లల వయసులు తప్పకుండా రాయండి. పాస్‌పోర్టు, సర్టిఫికెట్ల జిరాక్సులు మాత్రం మాకు పంపకండి.